బండిలో స్వెట్టర్ అల్లొచ్చా? బరంపురం కోడలికి జవాబు

ప్రశ్న: అక్కా, మాది బరంపురం. సంక్రాంతి వెళ్ళాక ఇంటిల్లిపాదీ కారులో కొరాపుట్ దగ్గరి సునాబెడ బయల్దేరుతున్నాం. అక్కడ మా ఆడపడుచు వాళ్ళుంటారు. దారిలో తప్తపాణి, చంద్రగిరి బౌద్ధ మందిరం చూసుకుని, రాత్రికి రాయగడలో ఆగి, మజ్జిగౌరమ్మ దర్శనం అయ్యాక కొండెక్కుతాం. దేవమాలి శిఖరం కూడా చూపించాలని పిల్లల పంతం. మా మామయ్యగారికి 76 ఏళ్ళు. అత్తయ్యగారు అల్లిన స్వెట్టర్ ఒక్కటే వేసుకుంటారు. అది మోచేతుల దగ్గర పిగిలిపోయింది. ఆవిడ పోయి రెండేళ్ళయింది. ఈ ప్రయాణంలోనే నేను కొత్తది అల్లి, సునాబెడ చేరేసరికి ఆయనకి తొడగాలని నా ఆశ. మావారేమో "చంద్రగిరిలో టిబెట్ వాళ్ళ దగ్గర కొనేద్దాం, ఈ హైరానా ఎందుకు" అంటున్నారు. అమ్మాయి "బండిలో సూదులేంటమ్మా, ఎవరికైనా గుచ్చుకుంటే?" అంటోంది. నాకు ఘాటీల్లో కడుపులో తిప్పుతుంది కూడా. అల్లొచ్చా? పూర్తవుతుందా? పాత స్వెట్టర్ విప్పేసి ఆ ఊలు కొత్తదానిలో కలపనా? నాకు ముక్కలుగా అల్లి కలిపి కుట్టడమే వచ్చు.

జవాబు: అమ్మా, అల్లొచ్చు. పూర్తి మాత్రం అవదు. ఈ రెండో మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే పూర్తి చేయాలన్న తొందరే మీ ప్రయాణాన్నీ పాడుచేస్తుంది, స్వెట్టర్నీ పాడుచేస్తుంది.

లెక్క వేసి చూద్దాం. మామయ్యగారి ఛాతీ 36 అంగుళాలు అనుకుందాం. చొక్కా మీద వేసుకునేది కాబట్టి స్వెట్టర్ చుట్టుకొలత 40 అంగుళాలు ఉండాలి. మామూలు డబుల్ నిట్ ఊలు, అంటే మధ్యరకం లావుది, 8 నంబరు సూదులతో అల్లితే 10 సెంటీమీటర్లకి అడ్డంగా 22 కుట్లు, నిలువుగా 28 వరసలు వస్తాయి. అంటే వీపు భాగానికి 112 కుట్లు ఎక్కించాలి. చంక దాకా ఒక 106 వరసలు, ఆ పైన కుట్లు తగ్గించుకుంటూ భుజం దాకా ఇంకో 64 వరసలు. వీపు ముక్క ఒక్కటే సుమారు 18,000 కుట్లు. ముందు రెండు ముక్కలు, రెండు చేతులు, బొత్తాల పట్టీ అన్నీ కలిపితే 55,000 దాటుతాయి. చేయి తిరిగినవాళ్ళు నిమిషానికి 20, 25 కుట్లు వేస్తారు. 20 చొప్పున చూసినా 45 గంటల పైమాటే. బరంపురం నుంచి సునాబెడ దాకా మీరు బండిలో కూర్చునే సమయంలో ఘాటీలు తీసేస్తే, తిండి, కునుకు, పిల్లల గొడవ తీసేస్తే, సూది కదిలే గంటలు ఎన్ని మిగులుతాయో మీరే ఊహించుకోండి. వీపు ముక్క సగానికి వస్తే గొప్ప.

అయినా అల్లమనే అంటున్నాను. దానికి కారణం సమయం కాదు, మామయ్యగారు. ఇంట్లో కూర్చుని అల్లేటప్పుడు తొడుక్కునే మనిషి ఎక్కడో ఉంటాడు. కాగితం మీద రాసుకున్న కొలతని నమ్ముకుని అల్లుతాం, చివరికి చేతులు పొట్టివి అవుతాయి, మెడ బిగుస్తుంది. ఈ ప్రయాణంలో ఆయన రోజంతా మీ పక్కనే ఉంటారు. బండి ఆగిన ప్రతిచోటా ముక్కని ఆయన వీపుకి ఆనించి చూడొచ్చు. ఆయన ఎలా కూర్చుంటారో, ఎలా లేస్తారో, ఎక్కడ చలి అంటారో చూడొచ్చు. ఇలాంటి వీలు మీకు మళ్ళీ ఎప్పుడు దొరుకుతుంది? కాబట్టి ఈ దారిని స్వెట్టర్ పూర్తి చేయడానికి కాక, అది ఆయన ఒంటికి సరిపోయేలా చేయడానికి వాడుకోండి.

పెద్దవాళ్ళ ఒళ్ళు కొలతల పుస్తకంలో ఉన్నట్టు ఉండదు. వీపు కాస్త వంగుతుంది. వంగిన వీపు మీద ఎక్కువ గుడ్డ పడుతుంది, దాంతో స్వెట్టర్ వెనక అంచు పైకి లేచి నడుము దగ్గర గాలి తగులుతుంది. ముందు భాగమేమో కిందికి వేలాడుతుంది. అందుకని వీపు ముక్కని ముందు ముక్కల కంటే ఒక అంగుళమో, అంగుళంన్నరో పొడుగు అల్లాలి. ఆ ఎక్కువ వరసల్ని కింద బార్డరు దగ్గర పెడితే లాభం లేదు. భుజాల మధ్య, చంక పైన, వీపు మధ్యలో ఉన్న కుట్ల మీదే పొట్టి వరసలుగా వేయాలి. అంటే వరస చివరిదాకా పోకుండా మధ్యలోనే తిరిగి వచ్చేయడం. తిరిగేచోట కన్నం పడకుండా పక్క కుట్టుకి ఊలు ఒక చుట్టు తిప్పండి. ఎంత పొడుగు కావాలో బొమ్మ చూసి తెలియదు. ఆయన్ని మామూలుగా నిలబడమని, మెడ వెనక ఎముక నుంచి నడుము దాకా వీపు మీదుగా టేపు పెట్టి ఒకసారి, ముందు వైపు మెడ గుంట నుంచి నడుము దాకా ఒకసారి కొలవండి. "నిటారుగా నిలబడండి మామయ్యగారూ" అని మాత్రం అనకండి. ఆయన రోజూ ఎలా ఉంటారో ఆ కొలతే కావాలి.

తల మీదుగా తొడిగేది వద్దు. ఆ వయసులో చేతులు పైకెత్తితే భుజాలు పట్టేస్తాయి, కళ్ళజోడు లాగేస్తుంది. ముందు బొత్తాలున్నదే అల్లండి. చంక దగ్గర మామూలు కంటే ఒక అంగుళం వదులు ఇవ్వండి, లోపల చొక్కా ముడత పడకుండా చెయ్యి దూరుతుంది. జేబులు రెండు పెట్టండి. ఆయన ఏం పెట్టుకుంటారో అడిగి, ఆ వస్తువు కొలతకే జేబు అల్లండి.

ముక్కలుగా అల్లడమే వచ్చు అని మీరేదో లోటులా రాశారు. బండికి ఆ పద్ధతే మేలు. పైనుంచి కిందికి ఒకే ముక్కగా అల్లే పద్ధతి ఉంది, బాగుంటుంది. కానీ సగం అయ్యేసరికి ఒళ్ళంతా బరువుగా పరుచుకుంటుంది, ప్రతి తిప్పుకీ మొత్తం తిరగేయాలి. కొత్త పద్ధతి కదిలే బండిలో నేర్చుకునేది కూడా కాదు. ముక్క చిన్నది, ఒళ్ళో సర్దుకుని ఉంటుంది. బండిలోకి వీపు ముక్క ఒక్కటే తీసుకోండి. అందులో చంక దాకా లెక్కలేమీ లేవు, ఒక వరస సీదా (మామూలు కుట్టు), ఒక వరస ఉల్టా (తిరగేసిన కుట్టు). కుట్లు ఎక్కించడం, కింద బార్డరు, ఆ పైన ఓ నాలుగు అంగుళాలు ఇంట్లోనే అల్లుకుని బయల్దేరండి. అప్పుడు చేతికి ఒక బిగువు అలవాటై ఉంటుంది. బండి కుదుపులకి చాలామంది చెయ్యి తెలియకుండానే బిగుసుకుంటుంది. ఇంట్లో అల్లిన ఆ నాలుగు అంగుళాలు పక్కనే కనబడుతుంటే తేడా వెంటనే తెలుస్తుంది.

బిగువు సంగతి ఇంకొంచెం చెప్పాలి. బయల్దేరే ముందు 30 కుట్లు, 40 వరసలతో ఒక నమూనా ముక్క అల్లి, తడిపి, నీడలో ఆరబెట్టి, మధ్యలో 10 సెంటీమీటర్లు కొలవండి. 22 కుట్లు రావాలి. 20 వస్తే మీ చెయ్యి వదులు. 112 కుట్లతో అదే అల్లితే స్వెట్టర్ చుట్టుకొలత 4 అంగుళాలు పెరిగిపోతుంది. అప్పుడు 9 నంబరు సూదికి మారండి. 24 వస్తే చెయ్యి బిగువు, 7 నంబరుకి మారండి. మన దుకాణాల్లో దొరికే సూదుల నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుందని మరిచిపోకండి. బార్డరుకి మాత్రం రెండు నంబర్లు సన్నది, అంటే 10 నంబరు.

ఇప్పుడు మీ అమ్మాయి మాట. పిల్ల సరిగ్గానే భయపడింది, దాన్ని కొట్టిపారేయకండి. పొడవాటి లోహపు సూదులు రెండు పట్టుకుని కారులో కూర్చోవడం ప్రమాదమే. ఒక్కసారి బ్రేకు పడితే ఆ కొన మీ పొట్ట వైపో, పక్కవాళ్ళ కంటి వైపో ఉంటుంది. ముందు సీట్లో కూర్చుని ఎప్పుడూ అల్లకండి. అక్కడ ఎయిర్‌బ్యాగు తెరుచుకుంటే గంటకి సుమారు 300 కిలోమీటర్ల వేగంతో వస్తుంది. చేతిలో ఉన్నది ఏదైనా సరే మీ ముఖం మీదికే వస్తుంది. వెనక సీట్లో కిటికీ పక్కన కూర్చోండి, బెల్టు పెట్టుకోండి. చిన్నపిల్లల పక్కన వద్దు. నిటారు సూదుల బదులు, మధ్యలో ప్లాస్టిక్ తీగ ఉండే సర్క్యులర్ సూది వాడండి. వెదురువి గానీ ప్లాస్టిక్‌వి గానీ అయితే ఇంకా మంచిది. సర్క్యులర్ సూదితో గుండ్రంగానే అల్లాలని లేదు, వరస అయ్యాక వెనక్కి తిప్పి మామూలు ముక్కలాగే అల్లుకోవచ్చు. కొనలు జానెడు కూడా ఉండవు, పక్కవాళ్ళకి మోచెయ్యి తగలదు. ముక్క బరువంతా తీగ మీద ఒళ్ళో పడుతుంది కాబట్టి మణికట్టు లాగదు. అల్లడం ఆపగానే రెండు కొనలకీ రబ్బరు ముక్కలు గుచ్చి సంచిలో పెట్టేయండి. సీటు మీద పడేయొద్దు, ఎవరో ఒకరు దాని మీద కూర్చుంటారు.

కత్తెర చిన్నది, మొన మొద్దుది చాలు. ఊలు ఉండని బయట నుంచి కాకుండా లోపలి కొస పట్టి లాగండి, దొర్లకుండా ఉన్నచోటే ఉంటుంది. ఒక గుడ్డ జోలెలో పెట్టి మూతి కట్టి మెడకి తగిలించుకుంటే బండిలో ఎక్కడికీ పోదు. వరసల లెక్కకి చింతగింజలు పెట్టుకోండి. జోలెకి లోపల రెండు చిన్న అరలు కుట్టి, పది వరసలు అవగానే ఒక గింజ ఈ అరలోంచి ఆ అరలోకి వేయండి. ఎవరైనా పలకరించినా లెక్క చెడదు. బండి ఆగిన ప్రతిసారీ, దిగేముందు, సూది మీదున్న కుట్లన్నిటిలోంచీ వేరే రంగు కుట్టుదారం ఒకటి దూర్చి వదిలేయండి. తర్వాత కుదుపుకి నాలుగు కుట్లు జారి కిందికి దిగిపోయినా ఆ దారం దగ్గర ఆగిపోతాయి. ఈ దారం అక్కర్లేదనుకునే వాళ్ళున్నారు. కొండదారిలో మాత్రం తప్పనిసరి అంటాను నేను.

కడుపులో తిప్పడం ఎందుకంటే, మలుపుల్లో లోచెవి "కదులుతున్నాం" అని చెబుతుంది, ఒళ్ళోని అల్లిక మీద నిలిచిన కన్నేమో "కదలడం లేదు" అని చెబుతుంది. ఈ రెండు కబుర్లూ పొసగక వికారం పుడుతుంది. అందుకని కన్ను కిటికీలోంచి దూరంగా ఉండాలి, వేళ్ళు తమ పని తాము చేసుకోవాలి. సీదా కుట్లు చూడకుండా వేయడం చాలామందికి వస్తుంది. ఉల్టా వరసలకి కొంచెం అలవాటు కావాలి, కాబట్టి బయల్దేరే ముందు ఓ వారం పాటు రాత్రి దీపం తీసేసి అల్లి చూడండి. చూడకుండా రాకపోతే, సీదా వరస మాత్రం బండి నడుస్తుండగా, ఉల్టా వరస బండి ఆగినప్పుడు అని పెట్టుకోండి. నిదానమే, కానీ కడుపు బాగుంటుంది.

మీ దారిలో బరంపురం నుంచి దిగపొహండి దాకా చదును, అక్కడ హాయిగా అల్లుకోండి. తప్తపాణి ఘాటీ మొదలవగానే సంచిలో పెట్టేయండి. వేడినీళ్ళ గుండం దగ్గర ఎలాగూ ఆగుతారు. అక్కడ మామయ్యగారు కాళ్ళు తడుపుకుని కూర్చున్నప్పుడు వీపు ముక్క మొదటిసారి ఆనించి చూడండి. రాయగడ నుంచి లక్ష్మీపూర్ మీదుగా కొరాపుట్ వెళ్ళే దారి కొండలదే. ఆ పూట అల్లిక మాటే తలపెట్టొద్దు. మజ్జిగౌరమ్మకి దణ్ణం పెట్టుకుని బయల్దేరాక కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చోండి. రాయగడ బసలో రాత్రి దొరికే గంట, గంటన్నర బండిలో మూడు గంటలకి సమానం. మంచి దీపం కింద, కుదుపు లేకుండా, ఆ రోజు వేసిన వరసలు ఒకసారి చూసుకుని తప్పుంటే అక్కడే విప్పి వేసుకోవచ్చు.

ఊలు మాటకొస్తే, ఇది నేను గట్టిగా చెప్పదలచిన సంగతి. బరంపురంలో దొరికే చేతి అల్లిక ఊలులో ఎక్కువ భాగం యాక్రిలికే, అంటే కృత్రిమ దారమే. వర్ధమాన్, ఓస్వాల్ వంటి లూధియానా కంపెనీలు అన్ని రకాలూ చేస్తాయి కాబట్టి పేరు చూసి కొనకండి, చీటీ మీద ఉన్ని ఎంత శాతమో, యాక్రిలిక్ ఎంత శాతమో చూసి కొనండి. యాక్రిలిక్ చవక, ఉతకడం తేలిక, పిల్లలకి చాలు. కానీ మీరు వెళ్ళేది కొరాపుట్ జిల్లాకి. కొరాపుట్ పట్టణమే సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు. దేవమాలి 1,672 మీటర్లు, ఒడిశా మొత్తానికి ఎత్తైన శిఖరం. ప్రతి 1,000 మీటర్లకీ దాదాపు ఆరున్నర డిగ్రీలు చలి పెరుగుతుంది. బరంపురంలో ఉన్న వేడి కంటే కొరాపుట్‌లో ఐదారు డిగ్రీలు, దేవమాలి మీద పది డిగ్రీలకి పైనే తక్కువ ఉంటుందని లెక్క, గాలి వేరే. జనవరి సాయంత్రాలు అక్కడ ఇంటి ముందు చలిమంట వేసుకుని కూర్చుంటారు. మామయ్యగారు కూడా కూర్చుంటారు. యాక్రిలిక్ మీద నిప్పురవ్వ పడితే కరిగి ఒంటికి అతుక్కుంటుంది. అసలైన ఉన్ని అంత తేలిగ్గా అంటుకోదు, అంటుకున్నా నల్లగా మాడి ఆరిపోతుంది. ముసలివాళ్ళు చటుక్కున లేవలేరు కాబట్టి ఈ ఒక్కచోట డబ్బు చూసుకోవద్దు. స్వచ్ఛమైన ఉన్ని దొరికితే అదే కొనండి, దొరకకపోతే ఉన్ని పాలు ఎక్కువున్న మిశ్రమం. మెడ దగ్గర గుచ్చుకుంటుందంటే కాలరు లోపల మెత్తటి నూలు గుడ్డ పట్టీ కుట్టేయండి.

మొత్తం ఊలు, ఓ 500 గ్రాములు, ఒకేసారి కొనండి. చీటీ మీద రంగు పేరు పక్కన లాట్ నంబరు ఉంటుంది, అన్ని ఉండలకీ అదే నంబరు ఉండాలి. రంగు ఒకటే అయినా అద్దకం మారితే చెయ్యి ఒక చాయ, ఒళ్ళు ఒక చాయ అవుతుంది. రాయగడలోనో జయపురంలోనో దొరుకుతుందిలే అని ధీమా వద్దు.

పాత స్వెట్టర్ విప్పనా అని అడిగారు. ఆయన్ని అడగకుండా విప్పొద్దు. అడగడం కూడా "విప్పేస్తాను" అని అడగొద్దు, "దీన్ని ఏం చేద్దాం మామయ్యగారూ" అని అడగండి. ఆయన మోచేతులు చిరిగిన దాన్నే ఇన్నాళ్ళూ వేసుకుంటున్నారంటే అందులో వెచ్చదనం ఒక్కటే కాదుగా ఉన్నది. ఆవిడ వేసిన ప్రతి కుట్టూ అలాగే ఉంది. విప్పితే ఊలు మిగులుతుంది, ఆవిడ చేయి పోతుంది. నా మాట వింటే దాన్ని బాగుచేయండి. చిరుగు చుట్టూ గట్టిగా ఉన్న కుట్లని సూదితో ఎత్తి పట్టుకుని, కొత్త ఊలుతో మోచేతి దగ్గర ఒక ముక్క అల్లి కలపొచ్చు. లేదా లోపలి నుంచి అడ్డం, నిలువు దారాలు వేసి రఫ్ఫు చేయొచ్చు. మీరు అల్లే కొత్త స్వెట్టర్ రంగు ఊలుతోనే ఆ మోచేతులు బాగుచేస్తే రెండింటికీ చుట్టరికం కలుస్తుంది.

ఆయనే "విప్పమ్మా, దీంతోనే అల్లు" అంటే అప్పుడు సరే. చంకలు, మోచేతులు, మణికట్టు దగ్గర ఊలు అట్టకట్టి ఉంటుంది, అది తెగిపోతుంది, అక్కడ పట్టుపట్టకండి. మిగతాది కుర్చీ వీపుకి చుట్టుకుంటూ విప్పి, చిలపగా నాలుగు చోట్ల వదులుగా కట్టి, చల్లటి నీళ్ళలో నానబెట్టి, పిండకుండా వేలాడదీసి కింద చిన్న బరువు కట్టండి. వంకీలు పోతాయి. ఆ ఊలు ఒంటి భాగానికి వాడొద్దు, పాతది ముందు అరిగిపోతుంది. జేబు లోపలికి, కాలరు లోపలికి వాడండి. ఆయన చెయ్యి రోజూ తగిలే చోటు అదే.

అల్లిక మొదలుపెట్టే ముందు ఆ పాత స్వెట్టర్ని బల్ల మీద పరిచి కొలవండి. చంక నుంచి చంకకి, భుజం నుంచి అంచుకి, చేతి పొడవు, మెడ వెడల్పు. ఆయనకి ఏది సుఖంగా ఉంటుందో అత్తయ్యగారికి తెలిసినంత మనకి తెలియదు. ఆవిడ కొలతలే మీ మొదటి కొలతలు. అవి ఎప్పటి కొలతలో కాబట్టి, వంగిన వీపుకి మార్పు మాత్రం మీరు చేసుకోండి.

మీవారి మాటకి వస్తాను. ఆయన చెప్పింది తప్పు కాదు, రెండూ చేయండి. చంద్రగిరిలో టిబెట్ వాళ్ళు 1963 నుంచీ ఉన్నారు, వాళ్ళ కాలనీ పేరు ఫుంత్సోక్‌లింగ్. మీరు చూడబోయే పద్మసంభవ మహావిహారాన్ని 2010లో దలైలామా వచ్చి ప్రారంభించారు. చలికాలం వస్తే మన ఊళ్ళల్లో వీధి పక్కన స్వెట్టర్ల దుకాణాలు పెట్టేది టిబెట్ వాళ్ళే కదా, మన గంజాం తీరం వాళ్ళకి స్వెట్టర్ అంటే వాళ్ళే గుర్తొస్తారు. బయల్దేరే ముందో దారిలోనో మామయ్యగారికి వెచ్చటిది ఒకటి కొనండి. దేవమాలి మీద ఆయనకి చలి వేస్తుంటే సగం అల్లిన వీపు ముక్క కప్పలేరు. కొన్నది ఈ ప్రయాణానికి, అల్లేది వచ్చే చలికాలాలకి. మీవారితో ఇలాగే చెప్పండి, వాదన ఉండదు. నిజానికి కొన్నది ఒంటి మీద ఉంటే మీ మీద ఒత్తిడి కూడా తగ్గి, చెయ్యి వదులవుతుంది.

అమ్మాయి గురించి ఇంకొక మాట. రాయగడ వెళ్తున్నారు కాబట్టి నియమగిరి కొండల్లో ఉండే డోంగ్రియా కోంధు గిరిజనుల శాలువా, కప్డాగండా అంటారు, అది ఎక్కడైనా కనబడితే పిల్లకి చూపించండి. తెల్లటి ముతక గుడ్డ మీద ఎరుపు, పసుపు, ఆకుపచ్చ దారాలతో, ఎక్కువగా కొండల్లాంటి త్రికోణాలు కుడతారు. అక్కడి ఆడపిల్లలు తమ చేత్తో కుట్టి అన్నదమ్ములకో, మనసిచ్చినవాడికో ఇస్తారు. 2024 జనవరిలో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. తన ఈడు పిల్లలే ఆ పని చేస్తారని చూశాక సూదుల మీద మీ అమ్మాయి చూపు మారొచ్చు. మారకపోయినా ఫరవాలేదు, బలవంతంగా నేర్పకండి. బండిలో చింతగింజల లెక్క తనకి అప్పగించండి, ఆ మాత్రం చాలు. మన బరంపురం పట్టుచీర అంచులో ఉండే కుంభాలు కూడా త్రికోణాలే. వచ్చే ఏడు తనకే ఒక స్వెట్టర్ అల్లేటప్పుడు, కింద రెండు రంగుల్లో ఆ కుంభాల వరస వేయండి. మామయ్యగారి దానికి మాత్రం ఒకటే రంగు. రెండు రంగుల ఊలు మార్చుకుంటూ అల్లడం బండిలో కుదిరే పని కాదు.

సునాబెడ చేరాక వదినగారింట్లో చేతులు మొదలుపెట్టండి. రెండు చేతులూ ఒకే సర్క్యులర్ సూది మీద, రెండు ఉండలతో, పక్కపక్కనే అల్లండి. ఒకటి ఈ రోజు, ఒకటి పది రోజుల తర్వాత అల్లితే బిగువు మారి ఒకటి పొడుగు, ఒకటి పొట్టి అవుతాయి. ఒకేసారి అల్లితే తప్పు జరిగినా రెండింటికీ ఒకేలా జరుగుతుంది. రెండు ఉండలు బండిలో చిక్కుపడతాయి కాబట్టి ఈ పని ఇంటికే. మణికట్టు నుంచి మొదలుపెట్టి ఆయన మోచెయ్యి వంచి కూర్చున్నప్పుడు కొలవండి, చెయ్యి చాచినప్పటి కొలతతో అల్లితే కూర్చోగానే పట్టీ మణికట్టు పైకి పోతుంది. ముందు ముక్కలు తిరుగు ప్రయాణానికి ఉంచుకోండి, చంక దాకా అవి కూడా తేలికే. మెడ మలుపు, కలిపి కుట్టడం, బొత్తాల పట్టీ బరంపురంలో మీ ఇంట్లో, పగటి వెలుగులో.

కలిపి కుట్టే ముందు ముక్కలన్నీ తడిపి, తువ్వాలు మీద కొలత ప్రకారం పరిచి, అంచులకి గుండుసూదులు గుచ్చి ఆరబెట్టండి. ఉన్నిని వేడినీళ్ళలో పెట్టొద్దు, రుద్దొద్దు, వేలాడదీయొద్దు. బొత్తాలు పట్టీ అల్లకముందే కొనాలి, వాటి కొలతకే కాజాలు వస్తాయి. ఆయన వేళ్ళకి పట్టు దొరికేలా పెద్దవి, దాదాపు ముప్పావు అంగుళంవి, అంచు కొంచెం లేచినవి చూడండి. మగవాళ్ళ స్వెట్టర్‌కి కాజాలు ఎడమ వైపు, బొత్తాలు కుడి వైపు. రెండు బొత్తాలు ఎక్కువ కొని లోపలి కుట్టు దగ్గర కుట్టి ఉంచండి, మీరు వాడిన ఊలు మూరెడు కూడా వాటికే చుట్టి పెట్టండి. ఎప్పుడైనా మోచెయ్యి చిరిగితే అదే రంగు దొరుకుతుంది.